ఆమెన్ అయ్యాకే అన్నం

హన్నమ్మగారి ఇంట్లో ఆమెన్ అనకుండా అన్నం గిన్నె మూత తీసినవాళ్ళు ఇంతవరకు లేరు. ఆకలి ఎంతైనా వేయనీ, పులుసు చల్లారిపోనీ, కరెంటు పోయి దోమలు పీక్కుతిననీ, ముందు ప్రార్థన, ఆ తరువాతే కంచం. ఈ సంగతి ఆవిడ ఎవరికీ గట్టిగా చెప్పి ఎరగరు. చెప్పవలసిన అవసరం రాలేదు. కైకలూరు మిషన్ బడిలో పంతులమ్మగా పనిచేసి రిటైరైన మనిషి. కళ్ళజోడు పైనుంచి ఒక్క చూపు చూస్తే చాలు, మూత మీదికి వెళ్ళిన చెయ్యి దానంతటది వెనక్కి వచ్చేస్తుంది.

ప్రార్థన చిన్నదైతే కోడలు శాలినికి ఏ బాధా లేదు. ఆమె కూడా ప్రార్థనల మధ్య పెరిగిన పిల్లే. అత్తిలిలో వాళ్ళ నాన్న రెండు ముక్కల్లో దేవుడికి కృతజ్ఞత చెప్పేసి ముద్ద కలిపేవాడు. అత్తగారిది ఆ పద్ధతి కాదు. ముందు ఒక పాట, తరువాత వాక్యం, ఆ తరువాత ప్రార్థన. అది ఇంట్లోవాళ్ళతో మొదలై నెమ్మదిగా గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళేది. ఎదురింటి కోడలి కాన్పు, పక్కింటాయన మోకాళ్ళు, కొడుకు శ్యామ్ సుందర్ నడిపే చేపల మేత కొట్టు, ఆ మేత తినే చేపలు, నిరుడు కొల్లేట్లో చెరువు గట్లు కొట్టేస్తే వీధిన పడ్డవాళ్ళు, ఆ గట్లు కొట్టించిన ఆఫీసర్లు కూడా. అక్కడినుంచి కలిదిండి వెళ్ళి చెల్లెలు రత్నమాణిక్యాన్నీ ఆవిడ పిల్లల్నీ పలకరించి, తాడేపల్లిగూడెంలో కూతురు రాజకుమారి దగ్గర కాసేపు ఆగి, తన దగ్గర అక్షరాలు దిద్దుకున్న పిల్లల్ని పేరుపేరునా తలుచుకుంటూ తిరిగొచ్చేవారు. మనవరాలు పింకీ ఒక కన్ను తెరిచి, "అమ్మా, నాన్నమ్మ ఇంకా కలిదిండే వెళ్ళలేదు" అని శాలిని చెవిలో గొణిగేది. ప్రార్థన ఏ ఊళ్ళో ఉందో తెలిస్తే అన్నం ఎంత దూరంలో ఉందో ఆ పిల్లకి తెలిసిపోయేది.

అన్ని ఊళ్ళూ తిరగనీ, ఎవరొద్దన్నారు? అసలు చిక్కు షుగరుతో వచ్చింది. మాత్రలకు లొంగడం మానేశాక ఏలూరు డాక్టరుగారు హన్నమ్మగారికి ఇన్సులిన్ రాశారు. పొద్దున ఒకసారి, రాత్రి భోజనానికి ముందు ఒకసారి. "సూది వేసిన అరగంటకి భోజనం కడుపులో పడిపోవాలి. ఆలస్యం చేస్తే ప్రమాదం" అని శాలినికి ఒత్తి చెప్పారు. శాలిని బాగా ఆలోచించింది. అరగంటసేపు ముసలావిడని ఊరికే కూర్చోబెట్టే బదులు ఆ అరగంటలో ప్రార్థన కానిచ్చేస్తే సరి. ముందు సూది, తరువాత ప్రార్థన, వెంటనే కంచం. తన తెలివికి తనే మురిసిపోయింది. దేవుడితో మాటల్లో పడిన అత్తగారు అరగంటలో తిరిగొస్తారని ఏ ధైర్యంతో అనుకుందో, తరువాత ఎంత తల కొట్టుకున్నా ఆమెకు అంతుపట్టలేదు.

సూది లోపల తన పని తను చేసుకుపోయేది. ప్రార్థన బయట దాని దారిన అది పోయేది. శాలిని కళ్ళు మూసుకోవడం మానేసి గోడ గడియారం చూస్తూ కూర్చునేది. ప్రార్థన మధ్యలో పెద్దవాళ్ళని ఆపడమెలా? దగ్గి చూసింది. గిన్నెలు చప్పుడు చేసి చూసింది. చప్పుడు చేసిన రోజున, ఇంట్లో శాంతి లేనివాళ్ళ కోసం ఇంకో నాలుగు మాటలు కలిశాయి.

తీరా ఆమెన్ అయ్యాక ఆవిడ తిన్నదేమైనా ఉందా అంటే, ఊరందరి కష్టాలూ మోసి అలిసిపోయి, రెండు ముద్దలు పెరుగన్నం తిని చెయ్యి కడిగేసుకునేవారు.

"అత్తయ్యా, ఇంకో గరిటెడు పెట్టుకోండి. సూది ఎక్కువా అన్నం తక్కువా అయితే మీకే ప్రమాదం."

"చాలమ్మా. కడుపు నిండిపోయింది."

"ఏం తిన్నారని నిండిపోయిందండీ?"

"నిండిపోయిందంటుంటే!"

పోనీ ప్రార్థన అయ్యాక సూది వేద్దామని చూసింది. ఆమెన్ అన్న నోటితోనే హన్నమ్మగారు కంచం ముందుకు లాక్కున్నారు. "ఇప్పటిదాకా ఆగింది చాలదా? మళ్ళీ అరగంటంటే ఈ పసిదాన్ని పస్తు పడుకోబెడతావా?" అన్నారు. పోనీ భోజనాలు అయ్యాక ప్రార్థన చేసుకుందామండీ అని నోరు జారింది. ఆ రోజు ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. అంటే విషయం పెద్దదన్నమాట.

"మా నాన్నగారు మిషన్ కాంపౌండులో తోటపని చేసేవారు శాలినీ. ఒక్కోరోజు అందరికీ కలిపి ఒక చట్టెడు గంజే ఉండేది. ఆ గంజిని ముందు పెట్టుకుని, నోరూరుతున్నా మొక్కుకున్నాకే తాగేవాళ్ళం. కడుపు నిండాక దేవుడెవరికి గుర్తొస్తాడు? నాకు జబ్బు చేసిందని ఆయన్ని వెనక కూర్చోమంటావా?"

శాలిని గిన్నె మూత మళ్ళీ సర్ది పెట్టింది. జవాబు లేనిచోట ఆమెకు ఒళ్ళు మండేది.

ఇక పడుకునే వేళ ఇంకో తంతు. "రాత్రి పడుకోబోయే ముందు తప్పనిసరిగా ఒకసారి షుగరు చూడండి. వందకి తక్కువుంటే ఒక గ్లాసు పాలు, రెండు బిస్కట్లు ఇచ్చి పడుకోబెట్టండి. మనం పడుకున్నాం కదా అని ఇన్సులిన్ పడుకోదమ్మా, తెల్లవార్లూ పనిచేస్తూనే ఉంటుంది" అని డాక్టరుగారు చెప్పారు. శ్యామ్ సుందర్ అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దదైన షుగరు మిషను కొనుక్కొచ్చి, తన బాధ్యత తీరిపోయినట్టు బీరువా మీద పెట్టాడు. మిగతాది శాలిని నెత్తిన పడింది.

హన్నమ్మగారు పొద్దున వేలు ఇచ్చేవారు, రాత్రి మాత్రం ఇచ్చేవారు కాదు. రెండు చేతులూ దుప్పట్లో దాచేసుకునేవారు, బడిలో దొంగ పని చేసిన పిల్లలాగా.

"పొద్దున పొడిచిందే ఇంకా సలుపుతోంది. ప్రార్థన చేసుకుని, ప్రాణం దేవుడికి అప్పగించి పడుకున్న మనిషిని రక్తం చూపించమంటావేంటి? వద్దు."

"పోనీ ఈ పాలైనా తాగండి."

"పళ్ళు తోమేసుకున్నాను."

"మళ్ళీ తోముకోవచ్చు కదండీ."

"రాత్రిపూట ఎన్నిసార్లు తోముకోమంటావమ్మా? ఉన్నవే నాలుగు."

ఆ పాలు మీగడ కట్టి, పొద్దున పిల్లి పాలయ్యేవి.

పొద్దున చూస్తే మిషను రెండొందల యాభై చూపించేది. ఒక రోజు ఇంకా ఎక్కువ. ఆ అంకెలన్నీ పట్టుకుని, అత్తగారిని వెంటబెట్టుకుని, శాలిని బస్సులో కొల్లేటి రోడ్డు గుంతలన్నీ లెక్కపెట్టుకుంటూ ఏలూరు వెళ్ళింది. డాక్టరుగారు చూసి మొహం చిట్లించారు.

"అన్నీ పొద్దుటివే. రాత్రివి ఏవమ్మా?"

శాలిని అత్తగారి వైపు చూసింది. అత్తగారు గోడ మీది కేలండరు వైపు చూశారు.

"పొద్దున ఎక్కువుందంటే రాత్రి ఎక్కువ తిన్నారనే కాదు. అర్ధరాత్రి షుగరు బాగా పడిపోతే, ఒళ్ళు కంగారుపడి దాచుకున్నదంతా బయటికి తోసేస్తుంది. అప్పుడూ పొద్దున ఎక్కువే కనిపిస్తుంది. ఈ రెండిట్లో ఇది ఏదో నాకెలా తెలియాలి? పడుకునేటప్పుడు ఎంతుందో చూసి తీసుకురండి. అప్పటిదాకా మందు పెంచను, తగ్గించను. ఇంత చిన్న పని చెయ్యలేకపోతే ఎలాగమ్మా?"

హన్నమ్మగారు పంతులమ్మ నవ్వు ఒకటి నవ్వారు. "మా అమ్మాయి బాగానే చూసుకుంటుందండీ. కాస్త తొందర మనిషి, అంతే." తిట్లు తినవలసిన మనిషి మెప్పు పొంది, చెయ్యవలసినదంతా చేసిన మనిషి తిట్లు తిని బయటికి వచ్చారు. బస్టాండులో అత్తగారికి ఉప్పు వేసిన మజ్జిగ కొనిచ్చి, శాలిని పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది. కోపం వస్తే ఆమెకు ముందు కళ్ళ నీళ్ళు వస్తాయి.

ఇది చాలనట్టు తాడేపల్లిగూడెం నుంచి ఆడపడుచు ఫోన్లు. రాజకుమారి అక్కడ హైస్కూల్లో టీచరు. తల్లి మీద ప్రాణం. ఆ ప్రాణం అంతా ఫోన్లోంచే వచ్చేది.

"రెండొందల యాభయ్యా? రాత్రిళ్ళు ఏం పెడుతున్నావమ్మా అసలు?"

"పెరుగన్నం వదినగారూ. అదీ రెండు ముద్దలే."

"రెండు ముద్దలకి అంత ఎలా వస్తుంది? మా స్కూల్లో ప్రభావతి మేడమ్‌కి ఇలాగే ఉంటే రాత్రి సూది రెండు యూనిట్లు పెంచుకున్నారు. దెబ్బకి దిగింది. నువ్వూ పెంచు."

"డాక్టరుగారు ముట్టుకోవద్దన్నారండీ."

"ఆయన తల్లయితే తెలిసేది." ఫోను పెట్టేసింది.

శాలిని ఆ మాటే మొగుడి చెవిన వేసింది. శ్యామ్ సుందర్ తువ్వాలు భుజాన వేసుకుంటూ, "అక్క చెప్పింది కదా, పెంచి చూడరాదూ" అన్నాడు.

"డాక్టరుగారి మాట లెక్కలేదా ఏవండీ?"

"డాక్టరుగారు రోజూ మనింట్లో ఉండి చూస్తున్నారా?"

"మీ అక్కగారు ఉండి చూస్తున్నారా?"

దానికి జవాబుగా ఆయన చెప్పులు వేసుకుని కొట్టుకి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో మగవాళ్ళ దగ్గర జవాబు లేనప్పుడు కొట్టు ఒకటి ఉండేది. ఆడదానికి అదీ లేదు.

వారం పది రోజులు శాలిని ఓర్చుకుంది. మళ్ళీ ఫోను వచ్చింది. ఈసారి, "నీ చేతి కింద మా అమ్మ చిక్కిపోతోందని చూసినవాళ్ళంటున్నారు" అంది రాజకుమారి. ఆ సాయంత్రం శాలిని సిరంజి వెలుతురుకి ఎత్తి పట్టుకుని, రెండు గీతలు ఎక్కువ లాగింది. తప్పని తెలుసు. అయినా లాగింది. చాకిరీ అంతా చేసి మాటలు కూడా పడే మనిషికి ఒక్కోసారి వచ్చే మొండి కోపం అది.

అప్పటినుంచి పొద్దున్నే అత్తగారి పక్క సర్దబోతే దిండు తడి. జాకెట్టు వెన్నంతా తడి.

"ఏంటత్తయ్యా ఇది? ఇంత చెమటేంటి?"

"ఉక్కగా ఉంది."

"జనవరి నెల్లో ఉక్కేంటండీ? కొల్లేటి మీంచి చలిగాలి కొడుతుంటే పింకీ రెండు దుప్పట్లు కప్పుకుంది."

హన్నమ్మగారు తడిసిన దిండు తిరగేశారు. తల భారంగా ఉందంటూనే, ఏదో దాచుకున్న పిల్లలా నవ్వుకున్నారు. "నీకు చెప్పినా అర్థం కాదులేమ్మా" అన్నారు. శాలినికి అనుమానం వచ్చింది. రాత్రిళ్ళు ఈవిడ దొంగచాటుగా తీపి తింటున్నారు, పొద్దున అంకెలు అందుకే ఎక్కుతున్నాయి. పరుపు కింద, దిండు గలేబులో, ట్రంకు పెట్టెలో అంతా వెతికింది. బైబిలు, కళ్ళజోడు పెట్టె, ఎండిపోయిన తమలపాకులు తప్ప ఏమీ దొరకలేదు. దొరకనందుకు ఇంకా మండుకొచ్చింది.

ఆ నెలలోనే మావగారు దేవరాజుగారి జ్ఞాపకార్థ కూడిక వచ్చింది. ఆయన పోయిన రోజున ఏటా ఇంటి దగ్గర ప్రార్థన పెట్టి, వచ్చినవాళ్ళకి భోజనాలు పెడతారు. రాజకుమారి తాడేపల్లిగూడెం నుంచి ముందు రోజే దిగింది. దిగుతూనే వంటింట్లో డబ్బాలన్నీ మూతలు తీసి చూసింది. ఆవిడ ఈమధ్య తన ఊళ్ళో పాత చర్చి మానేసి కొత్త సహవాసానికి వెళ్తోంది. అక్కడ ప్రార్థనలో ఆత్మ దిగుతుందని, జనం ఎవరికీ అర్థం కాని అన్యభాషల్లో మాట్లాడతారని తల్లికి కథలు కథలుగా చెప్పింది. హన్నమ్మగారు వింటూ, "మనవాళ్ళలో ఎప్పుడూ చూడలేదే" అన్నారు. ఆ గొంతులో ఆశ ఉంది.

కూడిక దీపాలు పెట్టే వేళకన్నారు. వాకిట్లో షామియానా కింద కుర్చీలు నిండాయి. వంటింట్లో కొరమీను పులుసు, కోడికూర ఘుమఘుమలాడుతున్నాయి. శాలిని సూది పట్టుకుని మొగుణ్ణి రెండుసార్లు అడిగింది.

"పాస్టరు అయ్యగారు వచ్చేస్తున్నారా? ఖాయమేనా?"

"కలిదిండిలో ఇంకో ప్రార్థన ముగించుకుని బయల్దేరిపోయారట. ఇదిగో, వచ్చేసినట్టే."

సూది వేసింది. వేసిన కాసేపటికి ఫోను మోగింది. పాస్టరు తోమాగారి మోటారు సైకిలు గొలుసు దారిలో తెగిపోయింది. మెకానిక్కు కోసం చూస్తున్నారు.

శాలినికి నెత్తి మీద పిడుగు పడ్డట్టయింది. అత్తగారిని గదిలోకి పిలిచి, గిన్నెలో రెండు ఇడ్లీలు చేతికిచ్చింది.

"తినేయండత్తయ్యా. ఎవరూ చూడరు. తలుపేస్తాను."

"దేవుడు చూడడా?"

"చూస్తే చూడనివ్వండి! ఆయనకి మీ షుగరు సంగతి తెలీదా?"

అదుగో, సరిగ్గా అప్పుడే వచ్చింది రాజకుమారి. "నాన్న జ్ఞాపకార్థం రోజున అమ్మ చేత దొంగతిండి తినిపిస్తున్నావా? బయట అందరూ ఆకలితో కూర్చున్నారు. ఒక్క పూటకి ఏమీ అయిపోదు" అంటూ గిన్నె తీసుకుపోయింది. హన్నమ్మగారు కూతురి వెనకాలే బయటికి వెళ్ళి ముందు కుర్చీలో కూర్చున్నారు. శాలిని వంటింట్లోకి వెళ్ళి, గ్లాసు నీళ్ళలో గుప్పెడు పంచదార పోసి గబగబా కలిపింది. కలిపి కొంగు చాటున పట్టుకుని అత్తగారి వెనక నిలబడింది. అందరి ముందూ ఆ గ్లాసు ఎలా ఇవ్వాలో ఆమెకు తెలియలేదు.

అయ్యగారు వచ్చారు. పాటలయ్యాయి. వాక్యం అయింది. క్లుప్తంగానే ముగించి, "మన హన్నమ్మ టీచరుగారు ప్రార్థన చేస్తారు" అన్నారు. శాలిని కొంగు చాటు గ్లాసుతో ఒక అడుగు ముందుకి జరిగింది.

హన్నమ్మగారు లేచి నిలబడ్డారు. ఇంటివాళ్ళయ్యారు. వీధి అయింది. చెరువులు, చేపలు, ఆఫీసర్లు. కలిదిండి వెళ్ళారు. కలిదిండి నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళవలసినవారు మళ్ళీ కలిదిండే వెళ్ళారు. శాలిని ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. ఆ దారి ఆమెకు కంఠతా వచ్చు. ఏ పేరు తరువాత ఏ పేరో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. "రత్నమాణిక్యాన్ని జ్ఞాపకం చేసుకో తండ్రీ" అన్నారు హన్నమ్మగారు. మళ్ళీ రత్నమాణిక్యాన్నే అన్నారు. మూడోసారి ఆ పేరు సగంలో విరిగింది. ఆ తరువాత వచ్చినవి మాటలు కావు. నాలుక మడతపడి ఏవో శబ్దాలు, గబగబా, ఒకదాని మీద ఒకటి. చేతులు పైకి లేచి వణకసాగాయి. మొహం లైటు వెలుగులో తళతళ మెరిసింది.

"స్తోత్రం!" అని రాజకుమారి కేక పెట్టింది. "అమ్మకి భాషలు వచ్చాయి! ఆత్మ దిగింది! స్తోత్రం ప్రభువా!"

కుర్చీల్లో కలకలం లేచింది. పాత చర్చి మనుషులు, అలాంటిది ఎన్నడూ చూసినవాళ్ళు కారు. ఒకరు స్తోత్రం అన్నారు, ఇద్దరన్నారు, ఇంక వాకిలంతా హోరెత్తింది. ముందు వరసలో ఒకావిడ ఏడుస్తూ మోకాళ్ళ మీద పడింది. శ్యామ్ సుందర్ చేతులు జోడించి తల్లినే చూస్తున్నాడు.

శాలిని అత్తగారి మెడ మీద చెయ్యి వేసింది. చల్లగా, నీళ్ళలో తడిసినట్టుంది. మెరుస్తున్నది మొహం కాదు, చెమట. రోజూ పొద్దున దిండు మీద చూసిన చెమటే. ఒక్కసారిగా ఆమెకు అంతా తెలిసిపోయింది. ఆపితే ఈ ఊళ్ళో ఇంక తల ఎత్తుకోలేదు. అంతమందిలో దేవుడికి అడ్డుపడిన కోడలని జన్మంతా చెప్పుకుంటారు. ఆపకపోతే ఈ మనిషి ఉండదు. సూది వేసింది తను. రెండు గీతలు ఎక్కువ లాగింది తను.

"ఆపండి!" అని అరిచింది. ఎవరూ వినలేదు. అత్తగారి నడుం పట్టుకుని బలవంతాన కుర్చీలో కూలేసి, గ్లాసు నోటి దగ్గర పెట్టింది. రాజకుమారి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ముట్టుకోకు! దేవుడి పనికి అడ్డం రాకు!"

"దేవుడి పని కాదు వదినగారూ, నా పని! నేను పొడిచిన సూది పని! వదలండి చెయ్యి!"

ఆడపడుచును మోచేత్తో ఒక్క తోపు తోసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ముందు గొంతెత్తి ఎరగదు. "అత్తయ్యా, మింగండి. నా మాట వినపడుతోందా? మింగండి" అంటూ కొద్దికొద్దిగా పోసింది. సగం గడ్డం మీదుగా కారిపోయింది. తరువాత గొంతు కదిలింది. ఇంకోసారి కదిలింది. స్తోత్రాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఏం చెయ్యాలో తోచక నిలబడ్డ తోమా అయ్యగారు గబుక్కున "ఆమెన్" అనేశారు.

శ్యామ్ సుందర్ పరుగెత్తి మిషను తెచ్చాడు. అంత పంచదార నీళ్ళు దిగాక కూడా నలభై ఆరు. ఆయన ఆ అంకె చూసి, అక్కకి చూపించాడు. రాజకుమారి చూసి పక్కకి తప్పుకుంది. మళ్ళీ ఒక గ్లాసు పట్టి, కాసేపాగి చూస్తే ఎనభై దాటింది. హన్నమ్మగారు కళ్ళు తెరిచి, "అందరూ ఇలా నిలబడ్డారేంటి? వడ్డించండి" అన్నారు. శాలిని ఆవిడ పక్కనే కూర్చుని, ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. ఆవిడ మారు మాట్లాడకుండా తిన్నారు. వచ్చినవాళ్ళు కొరమీను పులుసు తింటూ గుసగుసలాడుకున్నారు. అవి శాలిని వీపుకి తగులుతూనే ఉన్నాయి.

రాజకుమారి అన్నం ముట్టలేదు. వంటింటి గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. "నిజమనుకున్నాను" అని మాత్రం అంది. శాలినికి ఆవిడ మీద అప్పుడు కూడా కోపంగానే ఉంది. కంచంలో అన్నం పెట్టి పక్కన పెట్టింది.

జనం వెళ్ళిపోయాక, పడుకునే వేళకి మిషను పట్టుకుని శాలిని గదిలోకి వెళ్ళింది. ఈ రాత్రి దుప్పట్లోంచి చేతులు బయటికి లాగైనా చూడాలని పళ్ళు బిగించుకునే వెళ్ళింది. హన్నమ్మగారు మంచం మీద కూర్చుని ఉన్నారు.

"ఇలా కూర్చో అమ్మాయ్. ఒకటడుగుతాను, నిజం చెప్పు. అక్కడ నాకు జరిగింది షుగరేనా?"

"షుగరేనండి. పడిపోయింది."

"పడిపోతే ఒళ్ళు వణుకుతుందా? చెమట పడుతుందా?"

"పడుతుందండి."

"గోడలు కదిలినట్టు, వెలుగు వెలుగుగా ఉంటుందా?"

శాలిని తల ఊపింది. హన్నమ్మగారు తన చేతులు చూసుకున్నారు.

"రాత్రిళ్ళు అలా అవుతోంది నాకు. గుండె దడదడలాడి మెలకువ వచ్చేది. ఆ వెలుగులో మీ మావయ్యగారు వచ్చి ఆ గుమ్మంలో నిలబడేవారు. తెల్ల పంచె, భుజాన కండువా. మాట్లాడేవారు కాదు, ఊరికే చూసేవారు. ఇన్నేళ్ళు ఇంతమంది కోసం అడిగాను కదా, అడక్కుండానే దేవుడు నాకోసం ఆయన్ని పంపిస్తున్నాడనుకున్నాను. నీకు చెప్తే ఇదీ జబ్బేనని మందు మార్పించేస్తావని చెప్పలేదు."

శాలిని మిషను ఒళ్ళో పెట్టుకుంది. ఇన్ని నెలలుగా ఈ మనిషి మీద పెంచుకున్న విసుగంతా ఎటు పోయిందో తెలియలేదు. దాని బదులు వచ్చిన దుఃఖాన్ని మింగడం దానికంటే కష్టంగా ఉంది.

హన్నమ్మగారు వేలు చాపారు. "పొడువు."

తొంభై ఒకటి ఉంది. శాలిని వెళ్ళి పాలు వెచ్చబెట్టి, రెండు బిస్కట్లతో తెచ్చింది. హన్నమ్మగారు బిస్కట్లు తిని, గ్లాసు అందుకుని పెదవుల దాకా తీసుకెళ్ళి ఆగారు.

"ఇది తాగితే ఈ రాత్రి ఆయన రారు కదా?"

అబద్ధం చెప్పడానికి శాలిని నోరు తెరిచింది. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూస్తున్నారు.

"రారండి" అంది.

హన్నమ్మగారు ఒకసారి గుమ్మం వైపు చూశారు. పాలు అడుగంటా తాగేశారు. ఖాళీ గ్లాసు కోడలి చేతికిచ్చి, దుప్పటి మెడ దాకా లాక్కున్నారు.

"కడిగి బోర్లించు. చీమలు పడతాయి" అన్నారు.